జీవవైవిధ్య పరిరక్షణలో విద్యార్థుల కృషి: గుర్తింపు దేనికి ఇవ్వాలి?

వ్యవసాయ కళాశాలల కార్యక్రమాల పట్టికలో మే 22న అంతర్జాతీయ జీవవైవిధ్య దినోత్సవం, జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం తప్పక కనిపిస్తాయి. వ్యాసరచన, చిత్రలేఖనం, నినాదాల పోటీలు, మొక్కలు నాటడం, చివర ప్రశంసాపత్రాల ప్రదానం అన్నది అలవాటైన వరుస. ఇవి వృథా ప్రయాసలని అనలేము. మొదటి సంవత్సరం విద్యార్థిలో ఆసక్తి రేకెత్తించడానికి ఇవి ఉపయోగపడతాయి. అయితే నాలుగు సంవత్సరాల చదువు ముగిసే నాటికి కూడా గుర్తింపు ఈ స్థాయిలోనే నిలిచిపోతే, పరిరక్షణ గురించి చక్కగా మాట్లాడిన వారికే పతకాలు దక్కుతాయి. ఒక విత్తనాన్నో, చెరువునో ఓపికగా పరిశీలించి నమోదు చేసిన విద్యార్థి వెనుక వరుసలో మిగిలిపోతాడు.

దేనిని కొలుస్తామో దానికి తగినట్టే పని జరుగుతుంది. జాతీయ సేవా పథకంలో స్వచ్ఛంద సేవకుల కృషిని రెండేళ్లలో 240 గంటలుగా లెక్కిస్తారు. మొక్కలు నాటే కార్యక్రమాలలో మొక్కల సంఖ్యను లెక్కిస్తారు. సంఖ్యే ప్రమాణమైనప్పుడు త్వరగా పెరిగే, పశువులు ముట్టని మొక్కకే మొగ్గు ఉంటుంది. మన పట్టణాల రహదారుల వెంట కోనోకార్పస్ అంతగా వ్యాపించడానికి ఈ గుణాలే ముఖ్య కారణం. అదే మొక్క పెంపకాన్ని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఆ మొక్కను వేల సంఖ్యలో నాటినందుకు ఎవరికైనా ప్రశంసాపత్రం ఇచ్చి ఉంటే, అందులో జీవవైవిధ్యానికి ఒరిగినదేమిటో ఆలోచించవలసి ఉంటుంది.

వ్యవసాయ విద్యార్థికి ఇతర విద్యార్థులకు లేని అవకాశం ఒకటి ఉన్నది. నాలుగో సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద విద్యార్థులు గ్రామాలలో నివసిస్తూ, ఆతిథ్య రైతులతో కలిసి పనిచేస్తారు. గ్రామ వనరుల పటం గీస్తారు, ట్రాన్సెక్ట్ నడక చేస్తారు, పంటల కాలపట్టిక తయారుచేస్తారు. ఈ సమాచారమంతా రికార్డు పుస్తకాలలోకి చేరుతుంది. మార్కులు వేసిన తరువాత ఆ పుస్తకాలను తిరిగి తెరిచేవారు అరుదు. జీవవైవిధ్య పరిరక్షణకు కావలసిన ముడిసరుకు అక్కడే ఉన్నది.

ఒక పాత రకం పేరు, అది పెరిగిన ఊరు నమోదైతే ఏమి జరుగుతుందో వరి చరిత్రే చెబుతుంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) వంశవృక్షంలో జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాలు ఉన్నాయి. వీటిలో జి.ఇ.బి. 24 కోనామణి అనే దేశవాళీ వరి నుంచి వచ్చింది. ఎవరో ఒకరు కోనామణిని గుర్తించి, వేరుచేసి, భద్రపరచినందువల్లనే దాని జన్యు వారసత్వం తరువాతి తరాల ప్రజనన శాస్త్రవేత్తలకు అందింది. ఈ రోజు ఏదో ఒక ఇంట్లో, ఒకే ఒక్క గాదెలో మిగిలిన రకానికి అటువంటి అవకాశం ఉండాలంటే, ఆ ఇంటి పెద్దలు ఉండగానే దాని వివరాలు కాగితంపైకి రావాలి.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును రూపొందించాలి. 2020 జనవరి 31 లోగా ఈ పని పూర్తిచేయని రాష్ట్రాలు నెలకు రూ.10 లక్షల చొప్పున జమ చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. గడువు తరుముతున్నప్పుడు నింపిన రిజిస్టరులో పంట పేరు ఉండి రకం పేరు లేకపోవడం, పక్క గ్రామపు జాబితాయే మరోసారి కనిపించడం వింత కాదు. నిజానికి 1990 దశకంలో ఆచార్య మాధవ్ గాడ్గిల్ మార్గదర్శకత్వంలో ఈ రిజిస్టర్ల తొలి నమూనాలు రూపుదిద్దుకున్నప్పుడు పశ్చిమ కనుమల ప్రాంతంలో కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు గ్రామస్థులతో కలిసి పనిచేశారు. అందువల్ల రిజిస్టర్లను సరిదిద్ది నవీకరించే పనిని విద్యార్థులకు అప్పగించడం కొత్త ప్రయోగమేమీ కాదు.

పైగా ఆ రిజిస్టరులోని విషయాలు వ్యవసాయ విద్యార్థి చదివినవే. పంటలు, పండ్ల చెట్లు, పశుగ్రాసాలు, కలుపు మొక్కలు, చీడపీడలు, నేలలు, నీటి వనరులు, పశుజాతులు అన్నీ అందులో ఉంటాయి. అయితే చదివినది గ్రామంలో కొంత సవరించుకోవలసి వస్తుంది. కలుపు యాజమాన్యం పాఠంలో గునుగు ఒక కలుపు మొక్క. జహీరాబాద్ ప్రాంతపు చేలలో పనిచేసే స్త్రీలకు అది లేతగా ఉన్నప్పుడు కూర, పూసినప్పుడు బతుకమ్మ. రెండు ఉపయోగాలనూ, కలుపుగా అది కలిగించే నష్టాన్నీ ఒకే పుటలో రాయగలిగిన విద్యార్థి బహుమతికి అర్హుడు. విత్తనం గురించి ప్రశ్నలన్నీ పట్టాదారునే అడగడం కూడా విద్యార్థులలో కనిపించే అలవాటు. అదే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు విత్తనాలను కాపాడుకుంటూ, ఏటా పాత పంటల జాతర నిర్వహిస్తూ, 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. విత్తనం దాచే చేతులు ఎవరివో అడగకుండా నింపిన పట్టికలో సగం సమాచారం లోపించినట్టే.

గుర్తింపు ఏ రూపంలో ఉండాలన్న ప్రశ్నకు జన్యు బ్యాంకులు పాటించే పద్ధతి మంచి మార్గం చూపుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 1,20,000కు పైగా నమూనాలు ఉన్నాయి. స్థానిక నామం, సేకరించిన స్థలం, తేదీ, సేకరణ సంఖ్య వంటి పాస్‌పోర్టు వివరాలు లేని విత్తనం పరిశోధకునికి పెద్దగా ఉపయోగపడదు. ఆ వివరాలతోపాటు సేకర్త ఎవరో కూడా నమోదవుతుంది. హెర్బేరియం పత్రాలపైనా ఇదే సంప్రదాయం. విద్యార్థి పేరు ఈ విధంగా నమూనాతోపాటు నిలిచిపోవడం జ్ఞాపిక కంటే విలువైనది. పరిశోధన వ్యాసంలో ఆ నమూనా ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆ కృషిని గుర్తు పట్టవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విద్యార్థి సేకర్త మాత్రమే. విత్తనం దాత రైతు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 కింద విత్తన వైవిధ్యాన్ని కాపాడిన రైతులకు, సమాజాలకు పురస్కారాలు ఉన్నాయి. సమాజాలకిచ్చే పురస్కారం విలువ రూ.10 లక్షలు. విద్యార్థి సేకరించిన వివరాలు ముందుగా ఆ దరఖాస్తుకు ఆధారం కావాలి. రైతు పేరు లేని నమోదును పరిశీలనకే స్వీకరించకూడదు. వైద్య సంబంధమైన సంప్రదాయ జ్ఞానం విషయంలో జాగ్రత్త మరింత అవసరం. పోటీ వేడిలో ఒక వైద్యుని రహస్యాన్ని పోస్టరుపై ముద్రిస్తే, దాన్ని తిరిగి దాచడం ఎవరి తరమూ కాదు. జ్ఞానం గలవారి సమ్మతి, కమిటీ అనుమతి రికార్డులో ఉన్నాయా అని పరీక్షించే బాధ్యత అధ్యాపకునిది.

జాబితా పొడవును బట్టి మార్కులు వేస్తే జాబితాలు మాత్రమే పెరుగుతాయి. ఏటా ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా విద్యాసంస్థల ఆవరణలలో జరిగే పక్షుల లెక్కింపు ఈ విషయంలో గమనించదగినది. అక్కడ పక్షుల పట్టికతోపాటు ఎంతసేపు, ఎక్కడ చూశారన్నదీ నమోదవుతుంది. అందువల్ల ఒక పక్షి కనిపించకపోవడం కూడా సమాచారమే అవుతుంది. గ్రామ రిజిస్టరులోనూ ‘ముగ్గురు రైతులను అడిగాము, ఈ రకం ఇప్పుడు లేదు’ అన్న వాక్యానికి పూర్తి మార్కులు దక్కాలి.

మరొక మార్పు పురస్కారం ఇచ్చే సమయానికి సంబంధించినది. సెమిస్టరు చివరనే బహుమతి ప్రకటించకుండా, మరుసటి సంవత్సరం అదే గ్రామానికి వెళ్లే విద్యార్థి బృందం మునుపటి నమోదులలో కొన్నింటిని ఎంపికచేసి సరిచూసిన తరువాత నిర్ణయించవచ్చు. విత్తనం ఇంకా ఆ ఇంట్లో ఉన్నదా, మొలక శాతం ఎంత, స్థానిక నామం సరిగా రాశారా అన్నవి ఆ బృందం చూస్తుంది. దీనికి కొత్త నిధులు గానీ, కొత్త కోర్సు గానీ అవసరం లేదు. పాత రికార్డు పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయకుండా, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయంలోని కమిటీకి, మరొక ప్రతిని తరువాతి బృందానికి అందజేస్తే చాలు.