మీకు తెలుసా? సీరియల్ కోసం పుట్టిన బ్యాండు

హైదరాబాద్–విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటే బస్సుల్లో ఒకప్పుడు హిట్ పాటల క్యాసెట్లు మోగేవి. చిక్కుపడిన టేపును పెన్సిల్‌తో తిప్పి సరిచేసుకున్న వాళ్లకు వాటి విలువ తెలుసు. అలాంటి హిట్ల ఆల్బమ్ కూడా ఒక టీవీ బృందానికి మళ్లీ ఊపిరి పోసింది.

1966లో అమెరికాలో వచ్చిన ఎన్‌బీసీ టీవీ సీరియల్ కోసం నలుగురు కుర్రాళ్లను ఏరి కూర్చిన బృందం ‘ది మంకీస్’. 1967 ఒక్క ఏడాదిలోనే వాళ్ల నాలుగు ఆల్బమ్‌లు అక్కడ నంబర్ వన్! టీవీ బొమ్మలని తీసిపారేసిన వాళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలి?

1968లో సీరియల్ ఆగిపోయింది.

1986లో ఎంటీవీ ఛానెల్ పాత ఎపిసోడ్లు మళ్లీ వేయగానే కొత్త తరం ఎగబడింది. అదే ఏడాది రికార్డు సంస్థ అరిస్టా తెచ్చిన ‘దెన్ అండ్ నౌ’ సంకలనం ప్లాటినమ్ గుర్తింపు అందుకుంది. పాత హిట్ల పక్కన మూడు కొత్త పాటలు చేర్చారు. వాటిలో ఒకటి అమెరికా చార్టులో 20వ స్థానానికి ఎక్కింది.