నాలుగు చోట్ల కోస్తే ఊరి దిగుబడి తెలుస్తుందా?

పక్క ఊరికి పంట బీమా వచ్చింది, మన ఊరికి రాలేదు. వానా అదే, దోమ పోటూ అదే. ‘మన ఊళ్లో నాలుగు మడులు కోసుకెళ్లారు, నాలుగూ బాగున్నవే దొరికాయి’ అని రచ్చబండ దగ్గర మాట. ఇందులో నిజమెంత? నాలుగు చోట్ల కోసి ఊరంతటికీ దిగుబడి కట్టడం సబబేనా? దీని వెనుక ఒక లెక్క ఉంది. అది తెలిస్తే ఎక్కడ నిలదీయాలో, ఎక్కడ నిలదీసినా లాభం లేదో తెలుస్తుంది.

కిలో తేడా... రెండు బస్తాలు

పంట కోత ప్రయోగంలో వరికి సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున తాడు కట్టి ఆ ముక్క కోస్తారు. నూర్చి, తాలు తీసి, తూకం వేస్తారు. ముక్క విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరంలో ఇలాంటి ముక్కలు సుమారు 162 పడతాయి. ముక్కలో ఒక్క కిలో అటూ ఇటూ అయితే ఎకరాకు 162 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు రెండుకు పైనే అటూ ఇటూ అవుతాయన్నమాట.

ఊళ్లో అన్ని చేలూ ఒకేలా ఉండవు కదా. కాలువ తల భాగంలో ముక్కకు 16 కిలోలు రావచ్చు. శివారులో 8 కిలోలే రావచ్చు. చౌడు తేలిన చోట 5 కిలోలూ గగనమే. లెక్క కోసం ఊరి అసలు సగటు ముక్కకు 13 కిలోలు అనుకుందాం. ఒక్కో ముక్క ఆ సగటుకు మామూలుగా 3 కిలోలు అటూ ఇటూ ఉంటుందనుకుందాం. ఈ 3 కిలోలను పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అంటారు. మనం ‘తేడా కొలత’ అందాం.

అష్టాచెమ్మా చెప్పే పాఠం

ఒక్క ముక్కే కోస్తే అది మంచిదైనా పడొచ్చు, చెడ్డదైనా పడొచ్చు. నాలుగు కోసి సగటు తీస్తే ఏమవుతుంది? దీనికి అష్టాచెమ్మా గుర్తు చేసుకోండి. ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు నాలుగు వేస్తాం. ఒక్కో పిక్క తెలుపు పడటానికీ నలుపు పడటానికీ సమాన అవకాశం ఉందనుకుంటే, నాలుగు పిక్కలు పడే తీరులు మొత్తం 16. అందులో నాలుగూ తెలుపయ్యేది ఒక్కటే, అది చెమ్మా. నాలుగూ నలుపయ్యేది ఒక్కటే, అది అష్టా. ఒకటి తెలుపయ్యేవి 4, మూడు తెలుపయ్యేవి 4, రెండు తెలుపయ్యేవి 6. అందుకే అష్టా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం. రెండు మాత్రం ఊరికే పడుతూ ఉంటుంది.

1, 4, 6, 4, 1... ఈ అంకెలను గీతలుగా నిలబెట్టండి. మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు. పిక్కలు పెంచే కొద్దీ ఆ రూపం గుడి గంటను పోలి వస్తుంది. దీన్నే కాలేజీ చదువుల్లో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అంటారు. చేలల్లోనూ ఇంతే. కోసిన చోట్లన్నీ మంచివే కావడం అరుదు, అన్నీ చెడ్డవే కావడమూ అరుదు. ఎక్కువ సార్లు మంచిది చెడ్డదాన్ని సరిపెడుతుంది. విడి ముక్కల తూకాలు గంట ఆకారంలో లేకపోయినా, చోట్లు పెరిగే కొద్దీ వాటి సగటు మాత్రం గంట ఆకారానికి దగ్గర పడుతుంది.

చోట్లు నాలుగింతలు... పొరపాటు సగం

సగటులో ఎంత పొరపాటు రావచ్చో చెప్పే సూత్రం చిన్నదే. తేడా కొలతను, కోసిన చోట్ల సంఖ్యకు వర్గమూలంతో భాగించాలి. 4 చోట్లు కోస్తే 3ను 2తో భాగించాలి, 1.5 కిలోలు. 9 చోట్లయితే 1 కిలో. 16 చోట్లయితే 0.75 కిలో. పొరపాటు సగానికి తగ్గాలంటే చోట్లు రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి.

గంట ఆకారం ప్రకారం 100లో సుమారు 95 సార్లు, వచ్చిన సగటు అసలు సగటుకు ఈ పొరపాటుకు రెండింతల లోపే ఉంటుంది. నాలుగు చోట్లు కోస్తే 13 కిలోల ఊరికి 10 నుంచి 16 మధ్య ఏదైనా రావచ్చు. ఎకరాకు ఆరు బస్తాలు పైన, ఆరు బస్తాలు కింద! 16 చోట్లు కోస్తే 11.5 నుంచి 14.5 మధ్యకు వస్తుంది. అంటే మూడు బస్తాలు అటూ ఇటూ.

బీమా డబ్బుల మాటేమిటి?

2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమాల్లో, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్న ప్రధాన పంటకు కనీసం 4 కోత ప్రయోగాలు చేయాలని పెట్టారు. గత ఏడేళ్లలో మేలైన ఐదేళ్ల సగటు దిగుబడి తీసి, దానిలో 70, 80 లేదా 90 శాతాన్ని హామీ దిగుబడిగా లెక్కిస్తారు. కోత ప్రయోగాల సగటు దానికంటే ఎంత శాతం తగ్గితే, బీమా మొత్తంలో అంత శాతం పరిహారం. వడగళ్లు, ముంపు వంటి స్థానిక నష్టాలకు వేరే నియమం ఉంది. మామూలు దిగుబడి నష్టానికి మాత్రం చూసేది ఊరి సగటునే, మీ ఒక్కరి చేనును కాదు.

ఒక ఊరి హామీ దిగుబడి ఎకరాకు 1,800 కిలోలు అనుకోండి. ముక్కకు లెక్కేస్తే 11.1 కిలోలు. ఆ ఏడు అసలు సగటు 10 కిలోలే, అంటే ఎకరాకు 1,620. పది శాతం లోటు. ఎకరాకు 40 వేల బీమా ఉంటే 4 వేలు రావాలి. తేడా కొలత 3 కిలోలైతే, నాలుగు చోట్ల సగటు ఇలాంటి ఊళ్లలో 100కి సుమారు 23 సార్లు 11.1 దాటిపోతుంది. ఎవరి మోసమూ లేకుండానే ఆ ఊరికి పైసా రాదు. 16 చోట్లు కోసి ఉంటే ఇది 100కి 7 సార్లే జరుగుతుంది. ఇదే తీరున నష్టం లేని ఊరికి పరిహారం దక్కేదీ ఉంటుంది. పక్క ఊరికి వచ్చి మనకు రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఏరుకుంటే లెక్క చెడుతుంది

పైన చెప్పినదంతా చోట్లు చీటీ తీసినట్టు పడితేనే. రోడ్డు పక్క చేను దగ్గర కదా అని కోసినా, ‘ఇదిగో ఇక్కడ పాడైంది’ అని రైతు లాక్కెళ్లి చూపించినా లెక్క తప్పుతుంది. ఏరుకున్న చోట్లు వంద కోసినా ఆ తప్పు పోదు. సగటు తీయడం అదృష్టం తేడాను తగ్గిస్తుంది గానీ, పక్షపాతాన్ని తగ్గించదు.

అందుకే సర్వే నంబర్లను ముందుగా యాదృచ్ఛిక అంకెల పట్టీతో తీస్తారు. చేలోకి వెళ్లాక నైరుతి మూల నుంచి పట్టీలో వచ్చిన అంకెల ప్రకారం పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు నడిచి గూటం పాతుతారు. మన దేశంలో ఈ నమూనా సర్వేలకు బాట వేసినవారు 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్, పంట కోత ప్రయోగాలపై పనిచేసిన సుఖాత్మే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్.రావు 1941లో అదే సంస్థలో చేరి గణాంక శాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి పొందారు.

మీ చేనుకు మీరే వేసుకోండి

కోతకు ముందే వ్యాపారికి, కౌలుకు మాటిచ్చే రైతులకు ఈ లెక్క బాగా పనికొస్తుంది. మీటరు పొడవు కర్రలు నాలుగు కట్టి చట్రం చేసుకోండి. అడుగుల అంకెలు చీటీల మీద రాసి చెంబులో వేసి, వచ్చిన ప్రకారం చేలో 8 చోట్ల చట్రం పెట్టి కోయండి. అంచు దుబ్బులను లోపలికి లాక్కోవద్దు. చిన్న ముక్కల్లో దిగుబడి ఎక్కువ కనిపించేది ఇలాగే. గింజ ఎండాకే తూచండి. గ్రాములను 4తో గుణిస్తే ఉజ్జాయింపుగా ఎకరాకు కిలోలు.

ఉదాహరణకు 520, 440, 610, 380, 500, 560, 470, 520 గ్రాములు వచ్చాయి. సగటు 500. ఎకరాకు 2,000 కిలోలు, 26 బస్తాలకు పైన. పది చోట్ల లోపు కోసినప్పుడు పొరపాటుకు సులువు దారి ఉంది. పెద్ద తూకం నుంచి చిన్న తూకం తీసేసి, చోట్ల సంఖ్యతో భాగించండి. 610లో 380 పోతే 230. దాన్ని 8తో భాగిస్తే సుమారు 29. దీనికి రెండింతలు 58. అంటే సగటు 442 నుంచి 558 గ్రాముల మధ్య ఉంటుంది. ఎకరాకు 23న్నర నుంచి 30 బస్తాలు. మాటిచ్చేటప్పుడు 23 బస్తాలకే ఇవ్వండి.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

* ఊళ్లో కోత ప్రయోగాలు ఎప్పుడో ముందే కనుక్కోండి. కోసే రోజు చేలో ఉండండి.
* ‘ఎన్ని చోట్లు కోశారు? ఏ అంకెలతో చోటు తీశారు?’ అని అడగండి.
* తాడు కొలత, గింజ తడి, కాటా దగ్గరుండి చూడండి. ముక్కలో కిలో తప్పితే ఆ చోట ఎకరాకు రెండు బస్తాలు తప్పినట్టే.
* బాగున్న మడి కోయించొద్దు, పాడైన మడీ కోయించొద్దు. చీటీలో పడిన మడే కోయించండి.