గంటసేపు బతికే ఉత్తరాల పెట్టె
ఊళ్లో లేని మనిషి పేరున ఉత్తరం వస్తే పోస్టుమాన్ తిప్పి పంపేస్తాడు. మెయిల్ సర్వర్లదీ అదే పద్ధతి. 2003లో అమెరికన్ ప్రోగ్రామర్ పాల్ టైమా కట్టిన మెయిలినేటర్ మాత్రం ఏ పేరున వచ్చినా తీసుకునేది. అక్కడ చిరునామా ముందుగా ఉండదు, ఉత్తరంతోపాటే పుడుతుంది. పాస్‌వర్డూ లేదు. ఉత్తరాలను డిస్కులో రాయకుండా మెమరీలోనే పెట్టి, కొన్ని గంటలకు చెరిపేసేది. అందుకే ఒక్క కంప్యూటరే రోజుకు లక్షలకొద్దీ ఉత్తరాలను మోయగలిగింది. ఇంత తేలికైన ఆలోచన ఇంత బరువు మోయడం నాకు ఎప్పటికీ ముచ్చటే.

2006లో అలాంటిదే గెరిల్లా మెయిల్ వచ్చింది. అది ఉత్తరాన్ని గంటసేపు ఉంచుతుంది. మనుషులే కాదు, ప్రోగ్రాములూ అడిగి తీసుకునేలా ఏపీఐ ఇచ్చింది. వెబ్‌సైట్లను పరీక్షించే టెస్టర్లకు ఇలాంటిది ఎంతో అవసరం: 'కొత్త ఖాతా' పేజీని ఎన్నిసార్లు పరీక్షిస్తే అన్ని కొత్త చిరునామాలు కావాలి. స్క్రిప్టు ముందు ఒక చిరునామా తీసుకుని, ఫారం నింపి, కొన్ని సెకన్లకోసారి "ఈ సంఖ్య గల ఉత్తరం తర్వాత ఏమైనా వచ్చాయా?" అని అడుగుతుంది. రాగానే ఉత్తరాన్ని తెచ్చి, అందులోని లింకో ఓటీపీయో ఏరుకుంటుంది.

ఏరుకోవడంలోనే ఉంది చిక్కంతా. ఈ-మెయిల్ తొలి నియమాలు ఆస్కీ అనే ఇంగ్లిష్ అక్షరాల వరుస కోసమే రాసినవి. మిగతా భాషలకు 1992లో మైమ్ అనే ప్రమాణం దారి చూపింది. దాని కోటెడ్-ప్రింటబుల్ పద్ధతిలో వరుస 76 అక్షరాలు దాటకూడదు. పొడవాటి లింకు మధ్యలో తెగి, తెగినచోట '=' పడుతుంది. అసలు '=' గుర్తేమో '=3D'గా మారుతుంది. పచ్చి ఉత్తరంలోనే వెతికే స్క్రిప్టుకు దొరికేది విరిగిన లింకే.

తెలుగు ఉత్తరమైతే మైమ్‌లోని మరో పద్ధతి బేస్64లో రావడం మామూలు. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ 3 బైట్లు. బేస్64 ప్రతి 3 బైట్లనూ 4 గుర్తులు చేస్తుంది. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి: 'త' ఒక్కటే వస్తే 4 గుర్తులు, 'తె' 8, 'క్త' 12. పైథాన్‌లోని ఈమెయిల్ లైబ్రరీ చేత ముందు ఉత్తరాన్ని విప్పించాకే వెతకాలి.

ఇలాంటి పెట్టెల్లో పేరు తెలిసిన ఎవరైనా తొంగిచూడవచ్చు. అందుకే స్క్రిప్టు ఎవరి ఊహకూ అందని అక్షరాలతో పేరు కల్పిస్తుంది. బ్యాంకు ఉత్తరాలను ఇటు రానివ్వకూడదు. ఓటీపీ దొరికిందా, పరీక్ష ముందుకు సాగుతుంది. గంట గడిచేసరికి ఆ ఉత్తరం ఉండదు.