మెడలో డిస్క్ మారిస్తే మెడ మామూలుగా తిరుగుతుందా?

ఇడుపులపాయ నుంచి మాట్లాడుతున్నా. మధ్యలో గాలి హోరు వినిపిస్తే ఏమనుకోకండి, కొండల పక్క ఊరు, సాయంత్రమైతే ఇంతే.

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ చూసి చేస్తున్నా. ప్రొద్దుటూరులో బంగారం పని చేసే తమ్ముడు పంపాడు. వయసు ముప్పై దాటలేదు. "అన్నా, మెడలో సి5-సి6 డిస్క్ జారిందంట. ఎడమ చెయ్యి బొటనవేలి దాకా లాగుతోంది, తిమ్మిరి. నెల దాటింది. ఒక డాక్టరు ఎముకలు అతికించాలన్నాడు. ఇంకో డాక్టరు కృత్రిమ డిస్క్ పెట్టించుకుంటే మెడ మామూలుగా తిరుగుతాది అన్నాడు. దానికి ఖర్చు ఎక్కువ. ఇంట్లో ఉన్న రెండెకరాలు అమ్ముదామంటున్నారు. ఏది మంచిదన్నా?" ఇదీ మెసేజ్.

నేను డాక్టర్ని కాదు, మెకానికల్ చదివినవాణ్ని. ఏ ఆపరేషన్ చేయించుకోవాలో నేను చెప్పను. కానీ రెండెకరాలు అమ్మే ముందు, కొంటున్న వస్తువు ఏమిటో, అది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలియాలి కదా. అంతవరకు చెప్పగలను.

ముందు డిస్క్ అంటే ఏంటో చూద్దాం. వెన్నుపూసల మధ్య ఉండే మెత్త అది. మనిషికి ఇలాంటివి 23 ఉంటాయి, మెడలో 6, నడుములో 5, మిగతావి మధ్యలో. లోపల జిగురుగా, నీళ్లతో నిండిన గుజ్జు. దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టి నారల కట్టు. ఒక పొరలో నారలు ఇటు ఏటవాలుగా ఉంటే పక్క పొరలో అటు ఏటవాలుగా ఉంటాయి. లారీ టైరు కోసి చూస్తే లోపల దారాలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయే, అదే లెక్క. ఏ వైపు మెలిపెట్టినా ఏదో ఒక పొర పట్టి ఆపుతుంది. పెద్దయ్యాక దీనికి సొంతంగా రక్తనాళాలు దాదాపు ఉండవు. పైన కింద ఉన్న ఎముకల్లోంచి పోషకాలు మెల్లగా ఊరుతాయి. పగలంతా బరువు పడి నీళ్లు పిండుకుపోతాయి, రాత్రి పడుకున్నాక మళ్లీ పీల్చుకుంటుంది. పొద్దున లేవగానే మనం రాత్రి కంటే సెంటీమీటరు పైనే పొడుగుంటాం, దానివల్లే. కావాలంటే గోడ మీద గీత గీసి చూసుకోండి.

ఆ చుట్టు కట్టు ఎక్కడైనా చీలితే గుజ్జు బయటికి తోసుకొస్తుంది. పక్కనే నరం ఉంటుంది. సి5-సి6 దగ్గర నొక్కుకునే నరం బొటనవేలు, చూపుడువేలు వైపు పోతుంది. తమ్ముడి తిమ్మిరి సరిగ్గా అక్కడే ఉంది చూడండి. మెడలో తప్పు జరిగితే బాధ చేతిలో.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎముకలు అతికించే ఆపరేషన్‌ని ఫ్యూజన్ అంటారు. అందులో గానీ, కృత్రిమ డిస్క్ ఆపరేషన్‌లో గానీ మొదటి సగం పని ఒకటే. గొంతు ముందు వైపు చిన్న కోత పెట్టి, గాలిగొట్టం, అన్నవాహిక పక్కకు జరిపి, పాడైన డిస్క్ మొత్తం తీసేసి, నరం మీద ఒత్తిడి లేకుండా చేస్తారు. చేతి లాగుడు తగ్గించేది ఈ పని. డిస్క్ తీశాక మిగిలిన ఖాళీలో ఏం పెట్టాలన్నదే తేడా. ఎముక ముక్కో, పంజరం లాంటి కేజో పెట్టి ప్లేటు, స్క్రూలు బిగిస్తే కొన్ని నెలల్లో రెండు పూసలు ఒకే ఎముక అయిపోతాయి. లేదంటే కదిలే యంత్రం పెడతారు. కాబట్టి "కృత్రిమ డిస్క్ పెడితే నొప్పి పోతుంది" అనే మాట సగమే నిజం. నొప్పి పోగొట్టేది తీయడం. పెట్టేది తర్వాతి ఏళ్ల కోసం.

ఆ యంత్రం కథ నాకు చాలా ఇష్టం. 1960లలో స్వీడన్ సర్జన్ ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ డిస్క్ తీసిన చోట స్టీలు గోళీ పెట్టాడు. బేరింగులో ఉండేలాంటి గుండు! కదలిక బాగానే వచ్చింది. కానీ గోళీ ఎముకను తాకేది చిన్న చుక్కంత చోట. బరువంతా ఆ చుక్క మీదే. మెత్తటి నేలలో జాకీ పెట్టి లారీ లేపితే ఏమవుతుంది? జాకీ భూమిలోకి దిగబడుతుంది. గోళీలు కూడా పూసల్లోకి అలాగే కుంగాయి.

దిగబడకుండా ఉండాలంటే జాకీ కింద పలక వేస్తాం కదా. ఆ పలక వేసిన వాళ్లు తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి డాక్టర్లు కుర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాంట్స్. ఆ కారిన్ ఎవరో తెలుసా? 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో, అన్‌ఈవెన్ బార్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన జిమ్నాస్ట్. తర్వాత ఎముకల డాక్టరైంది. విల్లులా వంగే వెన్ను విలువ ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు లోహపు పలకలు, మధ్యలో జారే ప్లాస్టిక్ బిళ్ల, ఇదీ వాళ్ల డిజైను. 1984లో మొదటిసారి మనిషికి అమర్చారు. మొదటి రెండు రూపాలు ఇబ్బంది పెట్టాయి, 1987లో వచ్చిన మూడోది నిలబడింది. అది నడుము కోసం చేసినది. అమెరికా ఎఫ్‌డీఏ 2004లో దాన్ని అనుమతించింది. మెడ డిస్కుల్లో మొదటిది ప్రెస్టీజ్, దానికి అనుమతి 2007లో వచ్చింది. 2013లో మోబి-సి అనేదాన్ని పక్కపక్కన రెండు చోట్ల కూడా పెట్టవచ్చని ఒప్పుకున్నారు. ఇప్పుడు దొరికేవన్నీ ఆ పలకల ఆలోచనకి పిల్లలే. టైటానియమో, కోబాల్ట్-క్రోమో పలకలు, మధ్యలో పాలిథిలిన్ లాంటిది, ఎముకకి ఆనే వైపు గరుకుగా, ఎముక పట్టుకుని పెరిగేలా.

సరే, కదలిక మిగుల్చుకుంటే ఏం లాభం? "మెడ తిప్పలేవు" అని భయపెడతారు గానీ, తల పక్కకి తిప్పడంలో దాదాపు సగం కదలిక పుర్రె కింద మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. అక్కడ డిస్కే లేదు. సి5-సి6 ఒక్కచోట అతికిస్తే బండి నడుపుతూ వెనక్కి చూడలేకపోవడం లాంటివేమీ ఉండవు. చాలామందికి తేడా తెలియను కూడా తెలియదు.

అసలు ఆందోళన పక్క డిస్కుల గురించి. ఒకచోట కదలిక ఆగితే ఆ పని పైనా కిందా ఉన్న డిస్కుల మీద పడుతుంది. నలుగురు మోసే నాపబండని ముగ్గురే మోస్తే ఎట్లుంటుందో ఎర్రగుంట్ల వైపు పనికి పోయినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1999లో అచ్చైన హిలిబ్రాండ్ అధ్యయనంలో, మెడ ఫ్యూజన్ అయినవాళ్లలో ఏడాదికి దాదాపు 2.9% మందికి పక్క డిస్కుల్లో కొత్త బాధ మొదలైంది. పదేళ్లకి నలుగురిలో ఒకరి లెక్క. దీంట్లో ఎంత భాగం ఫ్యూజన్ వల్ల, ఎంత వయసు వల్ల అన్న గొడవ ఇంకా తేలలేదు. పాడయ్యే మెడ ఎలాగైనా పాడవుతుందనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ పస ఉంది.

ప్రొడిస్క్-సి అనే మెడ డిస్కు మీద ఏడేళ్ల ఫలితాలు 2015లో వచ్చాయి. 209 మంది, సగం మందికి డిస్కు, సగం మందికి ఫ్యూజన్. మళ్లీ ఆపరేషన్ అవసరమైంది డిస్కు వాళ్లలో 7% మందికి, ఫ్యూజన్ వాళ్లలో 18% మందికి. ఇది చిన్న తేడా కాదు. కానీ నొప్పి ఎంత తగ్గింది, రోజువారీ పనులు ఎంత బాగా చేసుకుంటున్నారు అని అడిగితే రెండు గుంపులూ దాదాపు ఒకటే చెప్పాయి. ఇద్దరూ బాగుపడ్డారు. ఇంకొకటి గుర్తుంచుకోండి, ఇలాంటి పరీక్షలకి చాలావరకు డబ్బు పెట్టేది డిస్కు తయారుచేసే కంపెనీలే. అబద్ధమని కాదు, కొంచెం తగ్గించి వినండి అని.

నా అభిప్రాయం అడిగితే, ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న మనిషికి, మిగతా మెడ బాగుంటే, ఆపరేషన్ తప్పదని తేలితే, కృత్రిమ డిస్క్ మంచి ఆలోచనే. ముందు ఇంకా నలభై ఏళ్లు వాడుకోవాల్సిన మెడ అది. కానీ ఫ్యూజన్ చేయించుకున్నవాడు మోసపోయినట్టు కాదు. పొలం అమ్మేంత తేడా అయితే లేదు.

అందరికీ సరిపడేది కూడా కాదు. ప్రతి మట్టంలో డిస్కుతో పాటు వెనక రెండు చిన్న కీళ్లు ఉంటాయి, ఫేసెట్ కీళ్లంటారు. అవి అరిగిపోయి ఉంటే ముందు కొత్త డిస్కు పెట్టినా వెనక అరిగిన కీళ్లు కదులుతూనే ఉంటాయి, నొప్పీ ఉంటుంది. ఎముక గుల్లబారి ఉంటే పలక దిగబడుతుంది, మళ్లీ ఫెర్న్‌స్ట్రోమ్ గోళీ కథే. పూస ముందుకు జరిగి ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, లోహం పడకపోయినా వద్దంటారు. ఇంకో తమాషా ఏంటంటే, కొందరికి డిస్కు చుట్టూ శరీరమే కొత్త ఎముక పెంచేస్తుంది. కదలిక కోసం డబ్బు పోస్తే అదే ఫ్యూజన్ అయి కూర్చుంటుంది! నొప్పి మాత్రం తిరిగి రాకపోవచ్చు.

నడుము సంగతి వేరు, కొంచెం జాగ్రత్త. అక్కడ కడుపు వైపు నుంచి పెద్ద రక్తనాళాలు జరిపి లోపలికి పోవాలి. మగవాళ్లలో వీర్యం వెనక్కి మళ్లే సమస్య వచ్చే అవకాశం కూడా ఉంది, సిగ్గుపడకుండా అడగండి. 60 దాటినవాళ్లకి నడుము డిస్క్ మార్పిడికి డబ్బు ఇవ్వమని అమెరికా మెడికేర్ 2007లోనే చెప్పేసింది.

ఇప్పుడు మన క్యాంపస్ పిల్లల కోసం ఒక మాట. ఇక్కడ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి అవ్వగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు, చేతిలో ఫోను. మెడ పట్టేస్తుంది. ఎమ్మారై తీయిస్తే "డిస్క్ బల్జ్" అని వస్తుంది. గుండె జారిపోతుంది. ఏ నొప్పీ లేని మనుషుల స్కానింగులన్నీ కలిపి చూసిన 2015 నాటి పరిశీలనలో, ఇరవై ఏళ్ల వాళ్లలోనే దాదాపు 30% మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అది చాలామందికి జుట్టు నెరవడం లాంటిదే. ఒట్టి మెడ నొప్పికి, చేతిలోకి దిగని నొప్పికి, ఈ ఆపరేషన్లు సరైన మందు కాదు. నిజంగా డిస్కు జారి చెయ్యి లాగుతున్నా, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులు, ఫిజియోథెరపీతో తగ్గిపోతుంది. బయటికొచ్చిన గుజ్జుని శరీరమే మెల్లగా కరిగించేస్తుంది. పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి, వినడానికి వింతగా ఉన్నా.

అయితే ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువులు జారిపోవడం, నడక తూలడం, ఇవి వెన్నుపామే నొక్కుకుంటున్న గుర్తులు. నడుము కేసుల్లో పాదం పైకి లేవకపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, మూత్రం ఆగిపోవడమో తెలియకుండా పోవడమో. వీటికి వారాలు లెక్కపెట్టొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోండి.

ప్రొద్దుటూరు తమ్ముడూ, నీకు బంగారం పని, చేతి పట్టే కూడు. పట్టు తగ్గుతోందా, రోజురోజుకీ ఎక్కువవుతోందా అన్నది ముందు చూపించుకో. బలం బాగుండి ఒట్టి లాగుడే ఉంటే ఇంకొన్ని వారాలు ఆగొచ్చా అని అడుగు. ఆపరేషన్ తప్పదంటే నా ఫేసెట్ కీళ్లు ఎలా ఉన్నాయి, మీరు చెప్పే డిస్కు పేరేంటి, తర్వాత ఎమ్మారై తీస్తే అది అడ్డొస్తుందా, మీరు ఇలాంటివి ఎన్ని చేశారు అని అడుగు. కోబాల్ట్-క్రోమ్ అయితే స్కానింగులో ఆ చుట్టుపక్కల మసకగా వస్తుంది, టైటానియం కొంచెం నయం. ఇంకో ఊళ్లో ఇంకో స్పైన్ డాక్టరుకి అదే ఎమ్మారై చూపించు. మొదట కడప రిమ్స్‌లో చూపించుకో. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద నీ ఆపరేషన్‌లో ఏది వస్తుంది, ఏది రాదు అని ఆసుపత్రిలో ఆ డెస్కు దగ్గర కాగితం మీద రాయించుకో. ఇదంతా అయ్యాకే పొలం మాట. ఒకవేళ డిస్కు పెట్టించుకుంటే దాని డబ్బా మీద స్టిక్కరు ఉంటుంది, పేరు, సైజు, బ్యాచ్ నంబరుతో. అది నీ డిశ్చార్జి కాగితాలకి అంటించి ఇవ్వమను, ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకో.