ఒరిజినలా... క్రాసా?

ఇంటికి కుక్కపిల్ల వచ్చిందంటే చాలు... రాజమహేంద్రవరంలోనైనా భీమవరంలోనైనా పక్కింటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ‘ఏంటండీ, ఒరిజినలేనా?’ అని. అవునంటే ‘అబ్బో’ అంటారు. క్రాసంటే ‘పోన్లెండి, జబ్బులైనా రావు’ అని ఓదారుస్తారు. నిజానికి ఆ మెచ్చుకోలూ ఈ ఓదార్పూ రెండూ సగం సగం నిజాలే!

కాగితం చెప్పేదెంత?

పెడిగ్రీ అంటే వంశవృక్షం. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్లో పిల్ల తల్లిదండ్రుల, తాతల వివరాలుంటాయి. పెద్దయ్యాక ఎంత ఎదుగుతుందో, బొచ్చు ఎలా ఉంటుందో వాటినిబట్టి అంచనా వేయొచ్చు. అంతేకానీ ఆరోగ్యానికి అది గ్యారంటీ కార్డు కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు సమస్య, డాల్మేషియన్లకు చెవుడు, పగ్‌లకు ఊపిరి ఇబ్బంది... ఆ జాతుల్లో తరచూ కనిపించేవే.

గోదావరి గంగ చెప్పే పాఠం

క్రాసైతే జబ్బులే రావా? అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో 24 వంశపారంపర్య జబ్బులను పరిశీలించారు. పది జాతి కుక్కల్లోనే ఎక్కువ. పదమూడింటిలో మాత్రం తేడా లేదు. మోకాలి లిగమెంటు తెగడమైతే క్రాస్ కుక్కల్లోనే ఎక్కువట!

కోనసీమ రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అంబాజీపేట పరిశోధన స్థానం అందించిన ‘గోదావరి గంగ’ కొబ్బరి కూడా సంకరమే. ఈస్ట్ కోస్ట్ టాల్ తల్లి, గంగాబొండం తండ్రి. రెండింటినీ ఏరికోరి కలిపారు కాబట్టే త్వరగా కాపుకొచ్చే మొక్క పుట్టింది. ఆ చెట్టు కాయనే మళ్లీ నాటితే అదే గుణం వస్తుందన్న భరోసా లేదు. కుక్కలూ అంతే. తల్లీతండ్రీ ఇద్దరికీ తుంటి సమస్య ఉంటే, జాతులు వేరైనా పిల్లకు ముప్పు తప్పదు.

నాటు కుక్క క్రాస్ కాదు

వీధిలో తిరిగేదల్లా క్రాసే అనుకోవడం మరో పొరపాటు. మన నాటు కుక్క వేల ఏళ్లుగా ఈ ఎండకూ ఉక్కకూ అలవాటుపడిన రకం. ‘క్రాస్ కుక్కలు మాట వినవు’ అన్నదీ అపోహే. 18 వేలకు పైగా కుక్కలపై జరిపిన అధ్యయనం 2022లో వెలువడింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అందులో తేలింది. మిగతాది పెంపకం, వయసు, పరిసరాలు వగైరా.

అసలు ప్రమాదం

‘క్రాసే కదా, దానికేమవుతుంది’ అని టీకాలు మానేయడంతోనే వస్తుంది చిక్కు. రేబిస్‌కు జాతి తెలియదు. ఏ కుక్కకైనా మూడు నెలల వయసులో టీకా వేయించాలి, పశువైద్యులు చెప్పినట్టు ఏటా మళ్లీ వేయించాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరమూ అంతే, ఖరీదు చూసి రాదు.

పిల్లను తెచ్చుకునేముందు వీలైతే తల్లిని చూడండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే తీయించారేమో అడగండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని గుర్తుంచుకోండి. ఇక పక్కింటికి కుక్కపిల్ల వస్తే మీరు అడగాల్సింది ‘ఒరిజినలేనా?’ అని కాదు... ‘టీకాలు వేయించారా అండీ?’ అని!