నల్లగొండ ఎండలో టర్బో

పాత స్విఫ్ట్ డీజిల్‌కి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది. బాడీ గట్టిగా ఉండి కాగితాలు సరిగ్గా ఉంటే బేరం ఎక్కువ రోజులు నానదు. కొందరు మైలేజీ చూసి కొంటారు. ఇంకొందరు, ఎక్కువగా పాతికేళ్ల లోపు కుర్రాళ్లు, పికప్ కోసం కొంటారు. ఈ రెండో రకం వాళ్ల బండి నెల తిరక్కుండా షెడ్డుకు చేరుతుంది. ముందు అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు. ఆ తర్వాత స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించడం, వెనక అద్దం మీద అక్షరాలు. ఇవన్నీ అయ్యాక అసలు కోరిక బయటపడుతుంది.

“అన్నా, పికప్ ఇంక పెరుగుతదా?”

“పెరుగుతది తమ్మీ. మ్యాప్ కొట్టిస్తే పెరుగుతది. గని క్లచ్ ప్లేటు ఎన్ని రోజులొస్తదో నన్నడగకు.”

మ్యాప్ కొట్టించడమంటే ఏం చేయడం? మధ్యలో క్లచ్ ప్లేటు మాట ఎందుకొచ్చింది? ఇది తెలియాలంటే బానెట్ ఎత్తి, ఇంజిన్ పక్కన బిగించి ఉన్న గుండ్రటి ఇనుప డబ్బాను చూడాలి. దాని పూర్తి పేరు టర్బోచార్జర్, షెడ్డులో ఒట్టి టర్బో.

బండి డీజిల్‌తో నడుస్తుందంటాం కానీ అందులో గాలి వాటా చాలా పెద్దది. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు పద్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. డీజిల్‌దేముంది, పంపు ఉంది, ఎంత కావాలంటే అంత చిమ్ముతుంది. గాలిని మాత్రం పిస్టన్ కిందికి దిగేటప్పుడు పీల్చుకోవాల్సిందే. స్విఫ్ట్‌ది 1,248 సీసీ ఇంజిన్, అంటే అందులో పట్టే చోటు అంతే. బలం పెరగాలంటే అదే చోట్లోకి ఎక్కువ గాలిని కుక్కాలి. పొయ్యిలో ఎన్ని కట్టెలు దోపినా మంట లేవకపోతే అమ్మమ్మ ఊదుగొట్టం అందుకునేది కదా, టర్బో చేసేదీ ఆ పనే. కాకపోతే ఇక్కడ ఊదే బలాన్ని కూడా పొగే ఇస్తుంది. మండిన ఇంధనం ఇచ్చిన శక్తిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ దారిలో వేడిగా పోతుంది. ఆ దారిలో ఒక చిన్న రెక్కల చక్రం పెట్టారు. పొగ దాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లాగి ఇంజిన్‌లోకి నెడుతుంది. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. మామూలు టర్బోల్లో దానికి బాల్ బేరింగులు కూడా ఉండవు. సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి ఈ ఆలోచనకు 1905లో పేటెంటు తీసుకున్నాడు. పనికొచ్చే యంత్రంగా నిలబడడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల్లో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో 1,750 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్లు టర్బో బిగించాక 2,500 ఇచ్చాయి. ఈలోగా అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ వేరే దిక్కు నుంచి ఇదే చోటికి వచ్చాడు. విమానం పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసిస్తుంది. 1918లో ఆయన ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను లారీకెక్కించి, కొలరాడోలో 14 వేల అడుగులు దాటిన పైక్స్ పీక్ శిఖరం మీదికి తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ పైన 230కి పడిపోయింది. టర్బో బిగిస్తే 356 ఇచ్చింది. అంటే ఈ యంత్రం తొలినాళ్ల గొప్ప పరీక్ష వేగం గురించి కాదు, పలచటి గాలి గురించి. ఈ సంగతి మన జిల్లాలకు తర్వాత పనికొస్తుంది.

కారులోకి రావడానికి 1962 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ అనే రెండు కార్లు టర్బోతో వచ్చాయి. జెట్‌ఫైర్ కథ సరదాగా ఉంటుంది. గాలిని కుక్కితే వేడెక్కుతుంది. వేడి గాలిలో పెట్రోలు వేళ కాని వేళ పేలిపోయి పిస్టన్లను కొడుతుంది. దీనికి విరుగుడుగా డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని లోపలికి చిమ్మే ఏర్పాటు చేశారు, దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని ఘనంగా పేరు పెట్టారు. ఆ డబ్బా ఖాళీ అయితే టర్బో దానంతటదే తగ్గిపోవాలి. జనం డబ్బా నింపడం మరిచిపోయారు, బండి లాగట్లేదని తిట్టుకున్నారు. చివరికి కంపెనీయే చాలా బండ్ల నుంచి టర్బోలు ఊడదీసి మామూలు కార్బొరేటర్లు బిగించి ఇచ్చింది. 1973లో బీఎండబ్ల్యూ వాళ్లు ‘2002 టర్బో’ తెచ్చి, ముందు బంపర్ కింద ఆ పేరును తిరగేసి రాశారు, ముందు పోయేవాడికి అద్దంలో తిన్నగా కనబడి పక్కకు జరగాలని. చమురు సంక్షోభం రోజుల్లో ఆ పొగరు చాలామందికి నచ్చలేదు. 1977లో సాబ్ కంపెనీ దారి మార్చింది. చిన్న టర్బో పెట్టి, పొగ ఎక్కువైతే పక్క నుంచి వదిలేసే వేస్ట్‌గేట్‌తో దానికి అదుపు పెట్టింది. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడు నడపగలిగే టర్బో కారు అక్కడి నుంచే మొదలైందని నేననుకుంటాను.

మన రోడ్ల మీద టర్బో అనే మాట మొదట లారీల మీదే కనబడింది. ఇంటి ముందుకు తెచ్చింది మాత్రం ఒక ఇటాలియన్ ఇంజిన్. ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి 2003లో తెచ్చిన 1.3 మల్టీజెట్ అది. బరువు సుమారు 130 కిలోలు. డీజిల్‌ను గాలి పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తి, ఒక్కో దఫాలో ఐదు విడతల దాకా చిమ్మగలదు. పాత డీజిల్ ఇంజిన్ల టకటక తగ్గింది అందుకే. లైసెన్సు మీద మారుతి దీన్ని హర్యానాలో తయారు చేసింది. 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్ వచ్చింది. టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, ఇలా ఎన్నింట్లో ఈ ఒక్క ఇంజినే దూరిందంటే, దేశీయ పత్రికలు దీన్ని జాతీయ ఇంజిన్ అని ఆటపట్టించేవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ మానేసింది. సెకండ్ హ్యాండ్ మోజుకు అదీ ఒక కారణం.

స్విఫ్ట్‌లో దీని బలం 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. 2,000 ఆర్‌పీఎం దాటేదాకా బండి బద్ధకంగా ఉంటుంది, దాటగానే వీపు సీటుకు అంటుకుంటుంది. కుర్రాళ్లు పడిపోయేది ఆ ఒక్క తోపుకే. ఇదే 1,248 సీసీ ఇంజిన్‌తో కంపెనీయే ఎర్టిగా లాంటి బండ్లలో 90 ఇచ్చింది. “చూసినవా, దాచిపెట్టిన్రు” అంటారు షెడ్డులో. దాచిపెట్టలేదు. ఆ 90 బండిలో టర్బో వేరు. పొగ దారిని సన్నగా, వెడల్పుగా మార్చే కదిలే రెక్కలు ఉంటాయి దానికి.

ఇక మ్యాప్. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు వైరు పెట్టి ల్యాప్‌టాప్‌లో ఇంజిన్ కంప్యూటర్‌ను తెరుస్తారు. ముందు కంపెనీ ఫైలును యథాతథంగా దింపి దాచుకోవాలి. దాచుకోని వాడి దగ్గర బండి పెట్టకండి. లోపల కనబడేవి అంకెల పట్టికలు. ఈ ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ ఇంత నొక్కితే ఎంత డీజిల్, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలి, డీజిల్ రైలులో (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) ఎంత పీడనం, ఏ హద్దు దాటితే టార్క్ తగ్గించాలి, గాలి చాలనప్పుడు పొగ రాకుండా డీజిల్ ఎక్కడ ఆపాలి. ఒక్కో గడిలో అంకెను కొంచెం పెంచి, ఫైలు తిరిగి ఎక్కిస్తారు. జాగ్రత్తపరుడు అన్నింటినీ కలిపి కొద్దికొద్దిగా పెంచుతాడు. తొందరవాడు డీజిల్ పెంచి పొగ హద్దు ఎత్తేస్తాడు. గేరు మార్చినప్పుడల్లా వెనక నల్లటి మబ్బు వస్తే అది బలం అనుకోవద్దు, పూర్తిగా మండకుండా బయటికి పోతున్న డీజిల్ అది. చవక రకం ఇంకోటుంది, ట్యూనింగ్ బాక్స్. రైలులో పీడనం తక్కువుందని కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. పాపం అది నమ్మి పంపును ఇంకా ఒత్తుతుంది.

కంపెనీ ఆ అంకెల్ని అసలు ఎందుకు తగ్గించి పెట్టింది? కల్తీ డీజిల్ పోసేవాడు, ఆయిల్ మార్చనివాడు, ఆరుగురిని ఎక్కించి ఘాట్ రోడ్డు ఎక్కేవాడు, ఎండలో నడిపేవాడు, అందరి దగ్గరా బండి బతకాలి కాబట్టి. జెట్‌ఫైర్ డబ్బా నింపని జనాన్ని చూసి కంపెనీలు నేర్చుకున్న జాగ్రత్త అనుకోవచ్చు. చలి దేశాల్లో అలా వదిలిన జాగా చాలా మటుకు ఊరికే ఉంటుంది. మన దగ్గర ఊరికే ఉండదు.

లెక్క చూద్దాం. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తీరం కన్నా నూటికి ఆరు పాళ్లు తక్కువ. మే నెలలో 43 డిగ్రీలు మామూలే. 25 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ వేడికి సాంద్రత ఇంకో ఆరు పాళ్లు పడిపోతుంది. రెండూ కలిస్తే, తీరంలో చల్లటి పూట దొరికే గాలి కన్నా దాదాపు 11 శాతం తక్కువ. నల్లగొండ కొంచెం పల్లం, కానీ ఎండకు పెట్టింది పేరు. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. 43 డిగ్రీల గాలిని రెండు రెట్లకు పైగా ఒత్తితే అది 150 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. దాన్ని చల్లార్చాల్సింది ముందు బిగించే ఇంటర్‌కూలర్. దాని మీదికి వీచేది మళ్లీ ఆ 43 డిగ్రీల గాలే. అంటే కంపెనీ వదిలిన జాగాలో ఒక భాగాన్ని మన మే నెల ముందే వాడేసుకుంది. డిసెంబరులో బాగున్న మ్యాప్ ఎండాకాలంలో టర్బోను తినేయడానికి కారణం అదే.

దీనికి తోడు దుమ్ము. పికప్ కోసమని కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి శంఖం ఆకారపు ఓపెన్ ఫిల్టర్ పెట్టిస్తారు. చప్పుడు నిజంగానే బాగుంటుంది, టర్బో ఈల కేబిన్‌లోకి వినిపిస్తుంది. కానీ అది పీల్చేది బానెట్ లోపలి ఉడుకు గాలి. దామరచర్ల దారిలో సిమెంటు లారీల వెనక, రాతి క్రషర్ల పక్క నుంచి పోయే బండికి ఫిల్టర్‌లో చిన్న సందున్నా చాలు, లక్షల చుట్లు తిరిగే అల్యూమినియం రెక్కల అంచులు అరిగిపోతాయి. తర్వాత ఆయిల్ లీకు, నీలం పొగ.

జడ్చర్ల నుంచి కొత్తకోట దాకా హైవే మీద కాలు తీయకుండా తోలి, ధాబా కనబడగానే ఆపి టక్కున తాళం తిప్పేవాళ్లను చూస్తే నాకు టర్బో మీదే జాలి. పొగ వైపు చక్రం ఎర్రటి వేడి మీద ఉంటుంది. ఇంజిన్ ఆగితే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది. ఇరుసు చుట్టూ మిగిలిన ఆయిల్ అక్కడే మాడి గట్టి మసి అవుతుంది. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే చాలు. దానికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు.

క్లచ్ ప్లేటు సంగతి తేలికే. అది 190 న్యూటన్ మీటర్ల కన్నా కొంచెం ఎక్కువ మోసేలా చేసిన వస్తువు. మ్యాప్ కొట్టించి దాని మీద 240 పెడితే పట్టు జారుతుంది, కాలిన వాసన వస్తుంది. మెకానిక్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నన్నడిగితే మొదటి రూపాయి బ్రేకులకు, మంచి టైర్లకు పెట్టాలి. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఎంత త్వరగా ఎక్కామన్నదాని కన్నా ఎంత పద్ధతిగా దిగామన్నది ముఖ్యం. ఈ మాట షెడ్డులో ఎవరికీ రుచించదు.

చట్టం కూడా ఈ మోజు పక్కన లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు, తయారీదారు ఇచ్చిన కొలతలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చేరాయి. సైలెన్సర్ కోసిన బండిని పోలీసు చెవితోనే పడతాడు. ల్యాప్‌టాప్‌తో మార్చిన అంకెలు చెవికి వినపడవు. ప్రమాదం జరిగాక బీమా వాళ్లకు మాత్రం కనబడవచ్చు.

టర్బో రోజులు కూడా మారుతున్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన బ్యాటరీతో నడిచే ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు అక్కడ ఒక్క టర్బో కూడా లేదు. ఆ ఏడాదే మే 6న మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది, 9,500 కోట్ల రూపాయల ప్రణాళికతో. బ్యాటరీ బండి గాలి పీల్చదు కాబట్టి పాలమూరు ఎత్తు దానికి లెక్క కాదు. ఎండ మాత్రం లెక్కే. లిథియం సెల్ ఉడుకులో త్వరగా ముసలిదైపోతుంది, అందుకే బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దానంతటదే కరెంటు తగ్గించి బండి వేగాన్ని అదుపు చేస్తుంది. ఆ మోటారు ఇంకా ఎక్కువ లాగేలా చేస్తామంటూ చిన్న పెట్టెలు అమ్మేవాళ్లు బయటి దేశాల్లో అప్పుడే తయారయ్యారు.