గుడ్లగూబపై మోపిన నేరము

గాదెలో ధాన్యము తఱిగినచో మన మెలుకను నిందింతుము. గాదెకుఁ జిల్లి యున్నదేమో యని ముందుగాఁ జూచువారు కొందఱే. ప్రభుత్వములును బెక్కుమా ఱిట్లే చేయును.

అమెరికా దేశమందు అయోవా యను రాష్ట్రము గలదు. అచ్చట కౌజుపిట్టలకు శత్రువులని పలువురు గుడ్లగూబలను, డేగలను జంపుచుండిరి. వేఁటలను నియమించు ప్రభుత్వశాఖ కధికారము గలదు గాని, నిజము శోధించు పండితులు చాలరు. కళాశాలలోఁ బండితులు గలరు గాని, వారి కధికారము లేదు. జే డార్లింగ్ అను వ్యంగ్యచిత్రకారుఁడు 1932లో నీ రెంటిని జేర్చి, తన సొంత ధనమును గూడ నొసంగి, అయోవా రాష్ట్ర కళాశాలలో నొక పరిశోధనాలయమును నెలకొల్పించెను. పాల్ ఎరింగ్టన్ అను శాస్త్రజ్ఞుఁడు దానికి నాయకుఁ డయ్యెను.

ఎరింగ్టన్ శీతకాలమందుఁ గౌజుపిట్టలను మరల మరల లెక్కించెను. పొదలును మేఁతయు నెంత గలవో యంతవఱకే పిట్టలు నిలుచును. మిగిలినవి గూబ తినకున్నను జలికో, యాఁకలికో, వేఱొక జంతువునకో బలి యగునని యాతఁడు తేల్చెను. అనఁగా గూబను జంపుటకంటెఁ బొదను గాచుట మేలు.

ఈ శోధనలో ఫ్రాన్సెస్ హామర్‌స్ట్రామ్ అను స్త్రీయు భర్తతోఁ గూడఁ బాల్గొనెను. గుడ్లగూబ తాను మ్రింగిన ప్రాణి యెముకలను, వెండ్రుకలను ఉండగాఁ జేసి క్రక్కును. అట్టి యుండలను వేలకొలఁదిగా నేఱి, విప్పి, యే యెముక యే ప్రాణిదో గుర్తించిరి. గూబకుఁ గుందేళ్ళే ముఖ్యాహారమని తెలిసెను. ఎరింగ్టనును ఈ దంపతులును గలిసి వ్రాసిన యా గ్రంథము 1940లో వెలువడెను. తరువాత నామె విస్కాన్సిన్ రాష్ట్రమున నశించుచున్న గడ్డిబీళ్ళ కోళ్ళను భర్తతోఁ గలిసి కాపాడెను.

డార్లింగ్ కేంద్రప్రభుత్వమున నధికారిగా నుండఁగా 1935లో నీ పద్ధతి తొమ్మిది కళాశాలల కెక్కెను. 1960లో దానికి శాసనబలము చేకూరెను. శాఖవారు ప్రశ్న తెత్తురు, ఆచార్యులు శోధింతురు, విద్యార్థులు పని చేయుచు నేర్చి, పిమ్మట నట్టి శాఖలలోనే యుద్యోగు లగుదురు. ఇందలి మేలు మాకుఁ దోఁచినంతలో నొక్కటే: ఆజ్ఞ యిచ్చువానికి నచ్చిన మాట కాక, లెక్కించువానికిఁ గనఁబడిన మాట యచ్చట వినఁబడును.

నేఁడు మన తెలుఁగు బిడ్డలనేకు లా దేశపు విశ్వవిద్యాలయములలోఁ జదువుచున్నారు. వారిలో నొక యమ్మాయి చెఱువులను, పక్షులను గూర్చి చదువఁగోరినచో, "పిట్టలను లెక్కించుటయు నొక చదువా?" యని మనము నవ్వకుందుము గాక. ఆ లెక్క లేనిచో శిక్ష నిరపరాధికిఁ బడును. పొద మాత్రము మాయమగుచునే యుండును.